కుసుమ వద్దన్న రోజు

ఉక్కు ప్లాంటు పక్క బస్తీ ఖుర్సీపార్‌లో యేసుదాసు ఇంట్లో దిగినప్పుడల్లా టీతో పాటు ఏదో ఒక అనుమానం కూడా నా ముందు పెడతారు. ఈసారి వంతు అతని కూతురు ఏంజెలా చేరిన మహిళా పైలట్ల క్లబ్బుది. పొలాల మీద మందు చల్లే డ్రోన్లు నడిపే ఆడవాళ్ళు సెక్టర్ 7లో ఒక గది తీసుకుని దాన్ని పెట్టుకున్నారు.

"ఎగిరేది మిషను. ఇది గట్టు మీద నిల్చుంటాది. దీన్ని పైలటంటారేటి?" అన్నాడు యేసుదాసు. ప్లాంటులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి.

"నువ్వు క్రేన్లో కూకుని ఇనుము ఎత్తేనని సెప్తావు కదా నాన్నా, ఎత్తింది నువ్వా, క్రేనా?" అంది ఏంజెలా.

నేను తిరిగిన ఊళ్ళలో క్లబ్బులు చాలా చూశాను. నియమాలు గోడకుంటాయి, మనుషులు పేకాటలో ఉంటారు. ఈ క్లబ్బులో మాత్రం ఒక నియమం నిజంగా నడుస్తోంది. లోగడ ఒకామె, నడిపే ఆవిడ నొచ్చుకుంటుందని, అడ్డంగా ఉన్న కరెంటు తీగ సంగతి చెప్పలేదట. డ్రోన్ తగులుకుని కూలింది. అప్పటినుంచి సభ్యుల్లో ఎవరు "వద్దు" అన్నా డ్రోన్ లేవకూడదు. కారణం అడగకూడదు.

వినగానే నాకు గుబులు పుట్టింది. కారణం చెప్పక్కర్లేని అధికారం ఉన్నచోట ఎవరి కన్నో ఏదో కుర్చీ మీద ఉంటుంది.

ఉంది కూడా. కొత్తవాళ్ళకు నేర్పే ఉద్యోగం ఒక్కటే. పోటీ ఏంజెలాకీ కుసుమకీ. దుర్గ్ నుంచి వచ్చిన పరీక్షకుడి ముందు, ఆ ఒక్కరోజే, చెరో మడికి మందు చల్లి చూపించాలి. ముందు ఏంజెలా. రిమోట్ చేతిలోకి తీసుకుంది. వెనకనుంచి కుసుమ అంది: "ఈరోజు వద్దు దీదీ."

ఏంజెలా చుట్టూ చూసింది. తీగల్లేవు, గాలి లేదు. రిమోట్ గట్టు మీద పెట్టేసింది. ఎగరలేదని పరీక్షకుడు రాసుకున్నాడు.

తరవాత కుసుమ వంతు. అందరూ ఏంజెలా వైపే చూశారట.

"వద్దన్న మాట నోటి దాకా వచ్చింది పెదనాన్నా. వంక దొరకలేదు," అంది ఏంజెలా నాతో.

"రూలు ప్రకారం వంక అక్కర్లేదు కదమ్మా."

"రూలుకి అక్కర్లేదు. నాకు కావాలి కదా."

కుసుమ చక్కగా ఎగరేసింది. ఉద్యోగం ఆమెదే.

"ఉజ్జోగం కోసమే ఆపింది," అన్నాడు యేసుదాసు.

నా అనుమానమూ అదే. అయినా ఏంజెలాని అడిగాను, ఆ వారం ఒంట్లో బాగుందా అని.

"జొరమొచ్చి తగ్గింది. సెయ్యి వణుకుతోందని ఎవరూ అన్లేదు."

"కుసుమ?"

"ఆవిడ అసలేటీ సెప్పలేదు కదా. సాయంత్రం స్కూటీ దగ్గర అడిగేసేను. కారణం అడక్కూడదు కదా దీదీ, అంది."

"నవ్విందా?"

"హెల్మెట్ పెట్టేసుకుంది. కనపళ్ళేదు."

ఏంజెలా క్లబ్బు మానలేదు. ఇప్పటికీ డ్రోన్ లేపే ముందు కుసుమ మొహం చూస్తుందట.

"మళ్ళీ ఎప్పుడైనా ఆపిందా?"

"ఒక్కసారీ లేదు," అంది ఏంజెలా, టీ గ్లాసులు తీస్తూ. "అదే నాకు అనుమానం."