ఎవరి తాలూకా?

లక్ష్ముడు మస్కట్ వెళ్ళి అప్పటికి అయిదు నెలలు కూడా కాలేదు. పైపులైను పని ఆగిపోయిందనీ, క్యాంపులో ఉన్న ముప్ఫై మందినీ వచ్చే నెల ఇరవయ్యో తారీఖు విమానం ఎక్కించేస్తామన్నారనీ ఫోన్ చేసి చెప్పాడు. ఈలోగా వేరే కంపెనీ ఏదైనా తీసుకుంటామని కాగితం రాసిస్తే ఆ మనిషిని మాత్రం వదిలిపెడతారట.

"అయితే పక్క కంపెనీల్లో అడగకపోయావా బావా?" అంది కళింగపట్నం నుంచి అతని భార్య ఉష.

"గేటు కాడే ఆపేస్తన్నారే. ఎవుల తాలూకా, ఎవుల మనిషివి అని అడుగుతన్నారు. నాను ఎవుల తాలూకని సెప్పాల? సైటూ క్యాంపూ తప్ప నాకిక్కడ ఏటి తెలుసు?"

ఉష ఎండుచేపలు అమ్ముతుంది. ఒడ్డున ఆరబెట్టిన నెత్తళ్ళు గంపలకెత్తుకుని, ఆటోలో శ్రీకాకుళం, అక్కణ్ణుంచి ఆమదాలవలస స్టేషనుకి వచ్చి, పాసింజరెక్కి చీపురుపల్లి సంతకి వెళ్తుంది. చీపురుపల్లి బడిలో పనిచేసే నేనూ ఆ రైల్లోనే వెళ్తాను. అలా తెలుసు నాకామె.

ఆమెకి మనుషుల మీద నమ్మకం పోవడానికి కారణం నాగబాబు. లక్ష్ముడికి స్వయానా పిన్ని కొడుకు. వెల్డరు పని అని చెప్పి పంపించాడు. తీరా దిగాక రెండు నెలలు పైపులు మోయించారు. ఇప్పుడు నాగబాబు ఫోను మోగుతుంది, తియ్యడు. అయినవాడే అలా చేశాక, నవ్వుతూ పలకరించిన ప్రతివాళ్ళ వెనకా ఏదో ఉందనిపించేది ఉషకి.

ఆ వారం సంతలో ఉష ఫోన్లో మాట్లాడుతుంటే దాలమ్మ విన్నది. దాలమ్మ చీపురుపల్లి పక్క ఊరి రైతు ఇల్లాలు, ఉష ఆమెని అక్క వరసలో 'అప్పా' అంటుంది. నాలుగేళ్ళుగా ఉష దగ్గరే కొంటుంది, కొన్నప్పుడల్లా చేపని వాసన చూసి, విరిచి చూసి, ధర దగ్గర పేచీ పెట్టి గానీ సంచీ తెరవదు.

"మా తమ్ముడు మోహనకృష్ణ మస్కట్లోనే ఓ కంపెనీలో ఫోర్‌మనుగా ఉన్నాడు. నీ మొగుడి నంబరియ్యి," అంది దాలమ్మ.

"ఎందుకప్పా?"

"ఎందుకేటే? పని కావాలని నువ్వే అంతన్నావు కదా ఫోన్లో!"

"నంబరు గుర్తు నేదప్పా," అంది ఉష, చేతిలో ఫోను పెట్టుకునే.

గుప్పెడు నెత్తళ్ళు కొసరు వెయ్యకపోతే కదలని మనిషి, ఊరు కాని ఊరివాడికి ఉద్యోగం ఇప్పిస్తానంటుందేమిటి? రైల్లో తిరిగి వస్తున్నంతసేపూ అదే ఆలోచన. కానీ ఇరవయ్యో తారీఖు దగ్గరపడుతోంది. మరుసటి సంతకి నంబరు ఇచ్చింది. ఇచ్చి, వెంటనే మొగుడికి ఫోన్ చేసింది. "ఎవులో సేస్తాడు. పేరు తప్ప ఏటీ సెప్పకు."

మోహనకృష్ణ ఆ సాయంత్రమే చేశాడు. ఏం మాట్లాడాడో లక్ష్ముడు ఆ రాత్రే ఉషకి చెప్పాడు.

"తాగుతావా అన్నాడు. క్యాంపులో ఎవులితోనైనా తగువు పడ్డావా అన్నాడు. మన ఇంటిపేరడిగాడు. ఊళ్ళో పెద్దమనుషులెవులో అడిగాడు. వెల్డింగ్ సేస్తన్నప్పుడు ఈడియో తీసి పంపమన్నాడు. పాస్‌పోర్టు ఫొటో కూడాను."

"డబ్బులెంత అడిగాడు?"

"అడగనేదు."

"అడగనేదా?" ఉషకి అన్నిటికంటే దానికే ఎక్కువ భయం వేసింది. డబ్బు అడిగినవాడైతే వాడికేం కావాలో తెలుస్తుంది. ఏమీ అడగనివాడికి ఏం కావాలి? "పాస్‌పోర్టు పంపకు బావా. నాను సూసొచ్చి సెప్తాను, ఆగు."

అరసవల్లి మనిషినొకణ్ణి రెండేళ్ళ కిందట తనే పెట్టించానని మోహనకృష్ణ లక్ష్ముడితో మాటల్లో అన్నాడు. ఉష మర్నాడు గంపలు కదపలేదు. అరసవల్లి వెళ్ళి, నలుగురిని అడిగి, ఆ మనిషి భార్యని పట్టుకుంది. ఆమె పేరు అనూరాధ. గుడి దారిలో కొబ్బరికాయల కొట్టు నడుపుతుంది.

మోహనకృష్ణ పేరెత్తగానే అనూరాధ మొహం ముడుచుకుపోయింది.

"ఎవులమ్మా నువ్వు? నిన్నెవులు పంపారు?"

"ఎవులూ పంపనేదు. మా బావకి పనిప్పిస్తానన్నాడు. మంచోడో కాదో కనుక్కుందామనొచ్చాను."

"ఏజెంటు మనిషివా?"

ఉష ఒట్టేసింది. మొగుడి ఫొటో చూపించింది. అనూరాధ ఎగాదిగా చూసింది. ఒంటి నిండా ఎండుచేపల వాసన వేసే ఏజెంటు ఉండదనుకుందో ఏమో, చివరికి స్టూలు జరిపి కూర్చోమంది.

"డబ్బులు తీసుకోడు. మా ఆయన సేత ముమ్మారు వెల్డింగ్ సేయించి సూసాడు. మొదటి రెండూ బాగోనేదని తోసేసాడు. ముందోపాలి పార్వతీపురమోడికెవుడికో పూచీ పడ్డాడట. ఆడు నెల తిరక్కుండా పారిపోయాడు. కంపెనీవోళ్ళు ఈన్ని ఫోర్‌మన్ పని నుంచి దింపేసినంత పని సేసారు. అప్పణ్ణించి ఎవుల్నీ ఊరికే నమ్మడు."

"మరి మనల్ని తీసుకుంటే ఆయనకేటి వస్తాది?"

"మంచి పనోడు దొరికితే కంపెనీ కాడ ఈ మనిషి మాట నిలబడతాది. అంతకన్నా ఏటి కావాల?"

ఉష బస్సెక్కాక గానీ ఆ మాట లోపలికి దిగలేదు. తాను వాణ్ణి అనుమానిస్తున్నంత సేపూ వాడు తన మొగుణ్ణి అనుమానిస్తున్నాడన్నమాట. కొంత ఊపిరాడింది. మరి కొంత గుచ్చుకుంది కూడా.

పూర్తిగా గుచ్చుకున్నది మరుసటి సంత రోజు రైల్లో. తోటి చేపలమ్మి గున్నమ్మ పక్కన చేరి, "ఏటే, నీ గురించి దాలమ్మ అందర్నీ అడుగుతన్నాది? పాత చేప కలుపుతాదా, తూకం సరిగ్గా ఏస్తాదా, మొగుడితో సక్కగా ఉంటాదా అని," అంది.

ఉష గంప దించీ దించకుండానే దాలమ్మ మీద విరుచుకుపడింది. "నా గురించి ఆరా తీస్తన్నావేటి? నాను దొంగదాన్నా?"

దాలమ్మ నెత్తళ్ళు విరిచి చూడడం ఆపలేదు. "నువ్వు అరసవల్లి ఎల్లి నా తమ్ముడి గురించి ఆరా తియ్యనేదేటి? అనూరాధ మా ఓడి కాడ నంబరు తీసుకుని నాకు ఫోన్ సేసింది."

ఉష తక్కెడ తీసి ముందు పెట్టుకుంది.

"ఒసే, నీ మొగుణ్ణి నాను సూడనేదు. ఆడెలాంటోడో నాకెలా తెలుస్తాది? నిన్ను సూసి సెప్పాల. నాలుగేళ్ళలో నీ చేపలో ఒక్కనాడు ఇసక తగిల్నా, వద్దురా అని మా ఓడికి నానే సెప్పీదాన్ని. తగల్నేదు. అదే సెప్పాను. ఇంక ఆ పాస్‌పోర్టు పంపమను, ఆలీసం సెయ్యకుండా."

ఉష అక్కడే నిలబడి మొగుడికి ఫోన్ చేసింది.

లక్ష్ముడు కొత్త కంపెనీవాళ్ళు పెట్టిన మొదటి వెల్డింగ్ టెస్టు తప్పాడు. అతుకు సరిగ్గా పడలేదన్నాడు. రెండోదానికి నిలబడ్డాడు. విమానం అయిదు రోజులుందనగా కొత్త కంపెనీ కాగితం వచ్చింది. ఉష ఆ కాగితం ఫొటోని మా బడికి పట్టుకొచ్చి ప్రతి అక్షరం నాచేత చదివించుకుంది. కంపెనీ ముద్ర నిజమైనదేనా అని రెండుసార్లు అడిగింది. నాకు మాత్రం ఎలా తెలుస్తుంది? నిజమైనదిలాగే ఉందన్నాను. నా మాట కూడా పూర్తిగా నమ్మినట్టు లేదు.

అది నిజమే అయింది. లక్ష్ముడు ఇప్పుడక్కడ రెండో ఏడాది చేస్తున్నాడు. అయితే ఈ సంగతిలో ఉష ఎవరికీ చెప్పనిది ఒకటుంది. మొన్న రైలు సిగడాం దగ్గర ఆగిపోయి గంటసేపు కదలకపోతే నాతో చెప్పింది.

కాగితం వచ్చిన రోజు లక్ష్ముడు ఇంకో మాట అడిగాడట. క్యాంపులో అతని పక్క మంచం మీద గంజాం వైపు మనిషి ఉండేవాడు, పేరు త్రినాథ్. అతుకు సరిగ్గా పడకపోతే చెయ్యి పట్టుకుని నేర్పింది అతనే. రెండో టెస్టుకి ముందు రోజంతా దగ్గర కూర్చుని చేయించింది కూడా అతనే. "నాకన్నా పనోడే. ఆడికి ఇక్కడ ఎవులూ నేరు. మోహనకృష్ణకి సెప్పమంటావా?"

"ఆడి ఊరు మనం సూసామా, ఇల్లు సూసామా?" అంది ఉష. "రేపాడు పారిపోతే దాలమ్మప్పకి నా మొకం ఎలా సూపించాల? ఒద్దు బావా."

లక్ష్ముడు సరేనన్నాడు. ఇరవయ్యో తారీఖున త్రినాథ్ తన తోలు గ్లౌజులు లక్ష్ముడి మంచం మీద పెట్టి విమానమెక్కేశాడు.

"కనుక్కుందామంటే రోజులు నేవు అనుకున్నాను మాస్టారూ," అంది ఉష కిటికీలోంచి చూస్తూ. "అయిదు రోజులున్నాయి. నానే అడగనేదు."