ఎవరూ పెట్టని కాఫీ వాసన

మీ ఇంట్లో ఒక్క మనిషికే ఒక వాసన వస్తూ, మిగతా ఎవరికీ రాకపోతే, మీరు ముందు ఎవరిని పిలుస్తారు? నిజం చెప్పండి. డాక్టరునా, తాయెత్తు కట్టేవాడినా?

మా చెల్లెలి ఇంట్లో ఇద్దరినీ పిలవలేదు. ఒక గ్లాసు కాఫీ కలిపి ఫొటో ముందు పెట్టారు.

చెల్లెలు ఉండేది గద్వాలలో. నేను వనపర్తిలో ఉంటాను. కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఆ ఇంట్లో నన్ను వరుసపెట్టి పిలిచేది చెల్లెలొక్కతే, మిగతావాళ్లకు నేను సారును. దేవుడి మాట వచ్చినా, దయ్యం మాట వచ్చినా నేను వాదనకు దిగుతానని వాళ్లకు తెలుసు. అందుకే సంగతి నా దాకా రావడానికి చాలా వారాలు పట్టింది. చివరికి చెల్లెలి భర్తే ఫోన్ చేశాడు.

"సారూ, జర ఒకసారి వచ్చిపోరాదు? మీ చెల్లెకు మా అమ్మ వాసనొస్తున్నదంట."

"అమ్మ వాసనేంది?"

"కాఫీ వాసన."

ఈ మాట అర్థం కావాలంటే ఆ వీధి సంగతి కొంత చెప్పాలి. మా వైపు పొద్దున లేస్తే చాయ్. ఆ వీధిలో ఇప్పటికీ కాఫీ తాగే ఇల్లు ఇంకొకటి లేదు. చెల్లెలి అత్తగారిది మాత్రం రాయచూరు వైపు. పెళ్లయి వస్తూ కాఫీ అలవాటును వెంట తెచ్చుకుంది, చివరిదాకా వదల్లేదు. పచ్చి గింజలు పుట్టింటి వైపు నుంచి తెప్పించుకుని, పెరట్లో ఇనుప కడాయిలో తానే వేయించి, చేతిమరలో పట్టుకునేది. వేయించిన రోజు ఆ వాసన వీధి మలుపు దాకా వచ్చేది. అక్కడివాళ్లకు కాఫీ వాసన వచ్చిందంటే ఆ పెద్దామె లేచిందని లెక్క. ఆమె పోయి రెండేళ్లయింది, కడాయి అటకెక్కింది. ఇప్పుడు ఆ వాసన కోడలికి వస్తోంది, ఆమెకొక్కదానికే.

నేను వెళ్లేసరికి చెల్లెలి ఆడబిడ్డ నాగర్‌కర్నూలు నుంచి వచ్చి ఉంది. తల్లి తిరిగొచ్చిందన్న కబురు విని, రెండు చీరలు సంచిలో పెట్టుకుని దిగింది.

"రాండ్రి సారూ. మీరొచ్చిండ్రని తెలిస్తే మా అమ్మ భయపడి పోతదేమో" అంది నవ్వుతూ.

"మీ అమ్మ నాకెప్పుడు భయపడ్డది?"

"ఎన్నడు లేదు. మీరే ఆమె కాఫీ వద్దనలేక మొఖం మాడ్సుకొని తాగుతుంటిరి."

చెల్లెలు బీరకాయలు కోస్తూ మా మాటలకు నవ్వుతోంది. ఏదో చెప్పబోయి మధ్యలో ఆగిపోయింది. కత్తిపీట ముందు చేతిలో కాయ అలాగే ఉంది. చూపు గోడ మీద నిలిచింది. పెదవులు ఏదో రుచి చూస్తున్నట్టు మెల్లగా కదిలాయి. నేను పిలిచాను, పలకలేదు. మళ్లీ పిలిచాను. కాసేపటికి నిద్రలోంచి వచ్చినట్టు నా వైపు చూసి, "వచ్చింది అన్నా. నీకు రాలేదా?" అంది.

నాకు వచ్చిన వాసనలు రెండే: తరిగిన బీరకాయది, బట్టల సబ్బుది.

ఆడబిడ్డ అప్పటికే లేచి వంటింట్లోకి పోయింది, అంగట్లో కొన్న పొడితో తల్లి ఫొటో ముందు పెట్టే గ్లాసు కలపడానికి. నేను చెప్పులేసుకుని వీధిలోకి నడిచాను. ఎక్కడైనా ఎవరైనా గింజలు వేయిస్తున్నారేమో, కొత్తగా హోటలేదైనా పెట్టారేమో, మెంతులో రొట్టో మాడుతున్నాయేమో చూశాను. వాసన గాల్లోంచి ఊడిపడదు. అది పదార్థం. వేగిన గింజలోంచి లేచిన రేణువులు ముక్కు లోపల తగిలితేనే మనకు వాసన. పక్కపక్కన కూర్చున్న ముగ్గురిలో ఒక్కరికే తగిలి ఇద్దరిని వదిలిపెట్టే రేణువులు ఎక్కడా లేవు. వీధి చివరిదాకా వెళ్లి వచ్చాను. కాఫీ ఎక్కడా లేదు.

చెల్లెలికి ఒక పని చెప్పాను. ఈసారి వాసన మొదలుకాగానే ముక్కు గట్టిగా మూసుకుని, నోటితో గాలి పీల్చమన్నాను. మర్నాడు పొద్దున మా అందరి ముందే వచ్చింది. చెయ్యి ముక్కు మీదికి పోయింది, కొంతసేపు అలాగే బిగిసి ఉంది. తేరుకున్నాక చెప్పింది: "మూసినా వచ్చింది అన్నా."

ఆడబిడ్డ నా వైపు తిరిగింది. "చూసిండ్రా సారూ? మామూలు వాసనైతే ముక్కు మూస్తే ఆగాలె గదా. ఇది ఆమెనే."

ఆమెకు అది రుజువు. నాకూ రుజువే. ముక్కు మూసినా వచ్చే వాసన బయటినుంచి రావడం లేదు, తల లోపల పుడుతోంది. నా జీవితమంతా ఇలాంటి వాదనల్లో గెలవాలని చూశాను. ఆ పొద్దున మాత్రం నేను ఓడిపోయి ఆమే గెలిస్తే బాగుండుననిపించింది. అత్తగారి ఆత్మ అయితే ఒక గ్లాసు కాఫీతో పోతుంది. నేను అనుకుంటున్నది అలా పోయేది కాదు.

కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకెళ్లడానికి రెండు రోజులు బతిమాలాను. "వాసనొస్తే దవాఖానకు పోతరా ఎవరన్న?" అని ఆడబిడ్డ, "ఆమె మంచిగనే ఉంది గదా, పనంత చేస్తుంది గదా" అని చెల్లెలి భర్త. బస్సులో అలంపూర్ చౌరస్తా దాటేదాకా చెల్లెలు కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. నేను ఆమె పెదవుల్నే చూస్తూ కూర్చున్నాను.

నరాల డాక్టరు చెప్పినదాంట్లో మాకు అర్థమైంది ఇది. మెదడులో వాసనను పోల్చుకునే చోటు పక్కన చిన్న మచ్చ ఉంది. అది ఉండుండి నిప్పురవ్వలా రేగుతుంది. రేగినప్పుడల్లా లేని వాసన వస్తుంది, మనిషి కాసేపు ఆగిపోతుంది. కాళ్లూ చేతులూ కొట్టుకుంటేనే ఫిట్స్ కాదు, ఇదీ ఫిట్సే. మాత్రలతో అదుపులో ఉంటుంది, కానీ సొంతంగా మానేస్తే పెద్దగా రావచ్చు. పొయ్యి దగ్గర ఒంటరిగా ఉండకూడదు.

మాత్రలు మొదలయ్యాయి, వాసన ఆగింది. నేను వనపర్తికి వచ్చి, చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయాను.

కొన్ని వారాలకే మళ్లీ ఫోన్. చెల్లెలి భర్త విత్తనాల దుకాణం తీయడానికి వెళ్లిన వేళ, ఆమె పొయ్యి మీది పాలగిన్నెకు ముంజేయి ఆనించి నిలబడిపోయిందట. పాలు పొంగి మంట ఆరిపోయిన చప్పుడుకో ఏమో పక్కింటామె తొంగిచూసి లాగిందట.

వెళ్లేసరికి చేతికి కట్టు ఉంది. మాత్రల అట్ట అడిగి చూశాను. సగంలో ఆగిపోయి ఉంది.

"ఎందుకు బంద్ చేసినవ్ చెల్లె?"

చేతి కట్టు సవరించుకుంది. తర్వాత, "వాసన పోయింది అన్నా" అంది.

"పోవాలనే గదా గోలీలు."

"నీకు పోవాలె. నాకెందుకు పోవాలె?"

ఆమె నెమ్మదిగా చెప్పుకొచ్చింది. కాపురానికి వచ్చిన కొత్తలో, తెల్లారకముందే అత్తాకోడళ్లు ఇద్దరూ పెరట్లో బండ మీద కూర్చుని చెరో గ్లాసు తాగేవాళ్లట. ఇంట్లో మిగతావాళ్లు లేచేదాకా ఎవరూ ఆమెకు పని చెప్పని సమయం అదొక్కటే. అత్త పోయాక ఆ సమయమూ పోయింది. వాసన మొదలయ్యాక అది తిరిగొచ్చినట్టయింది. "అత్తమ్మ నా పక్కపొంటి కూసున్నట్టే ఉంటది. గోలీ మింగుతే ఆమెను నా చేతులతోనె ఎల్లగొట్టినట్టయితది."

దయ్యాన్ని చూసి భయపడేవాళ్లతో ఎలా మాట్లాడాలో నాకు తెలుసు. దయ్యాన్ని ప్రేమించే మనిషితో ఏం మాట్లాడాలో తెలియలేదు. అరిచాను. మచ్చ గురించి, నరాల గురించి, పొయ్యి గురించి. ఆమె అన్నీ విని, "నువ్వు చెప్పేది నిజమే అన్నా" అంది. సాయంత్రం మాత్ర మాత్రం వేసుకోలేదు. అన్నం మెతుకుల కింద దొరికింది.

నాకు తోచింది ఒకటే. ఆమెకు కావలసింది ఆ వాసనే అయితే, నిజమైనదాన్ని తెచ్చి ఇస్తాను. రాయచూరు వెళ్లి పచ్చి గింజలు తెచ్చాను. అటక మీది కడాయి దించాను. చెల్లెలిని పొయ్యికి దూరంగా కుర్చీలో కూర్చోబెట్టాను.

పచ్చి కాఫీ గింజకు కాఫీ వాసన ఉండదు. ఎండుగడ్డి వాసన ఉంటుంది. మనం కాఫీ అనుకునేదంతా నిప్పు మీద పుడుతుంది. మొదటిరోజు గింజ చిటపటమనగానే భయపడి దించేశాను. కాఫీ పుల్లగా, పల్లీపొట్టు వాసనతో వచ్చింది. "ఇది కాదు" అంది చెల్లెలు. రెండోసారి మరీ ఆగాను, కడాయి నిండా పొగ లేచింది, నోట్లో బూడిద మిగిలింది. "ఇది అసలే కాదు." పొడి మరీ మెత్తగా పడితే డికాక్షన్ ఫిల్టర్‌లోంచి దిగలేదు, దిగిన కాస్తా చేదు. బోరునీళ్లతో పెడితే ఆ నీళ్లలోని సున్నం గింజలోని పులుపును చంపేసి చప్పగా చేసింది. డబ్బా మూత సరిగా పెట్టని రోజు, తెల్లారేసరికి పొడిలో రంగు ఉంది, వాసన లేదు. నాలుక మీద రుచి అనుకునేదాంట్లో చాలా భాగం గొంతు వెనక నుంచి ముక్కుకెక్కే వాసనే. అది ఎంత తొందరగా ఎగిరిపోతుందో పుస్తకాల్లో చదివాను కానీ, ఇంత తొందరని ఆ వంటింట్లోనే చూశాను. ఇవన్నీ చేస్తూనే నా చెవి ఆమె మాట ఆగుతుందేమోనని కాచుకుని ఉండేది. ఆమె మాట్లాడుతుంటే చాలు, ఏం తిట్టినా సరే.

"మంట తగ్గియ్యి. ఆగకుంట తిప్పు. సారువని గిట్ల నిలబడితె గింజ వేగదు."

ఆడబిడ్డ ఆ వారం మళ్లీ వచ్చింది. గడప మీద కూర్చుని నన్ను చూసి, "పెన్షన్ చాలక హోటల్ పెడుతున్నరా సారూ?" అంది.

ఆరోజు కాఫీ కుదిరింది. ముగ్గురం తాగాం. చెల్లెలు రెండు గుటకలు వేసి, "నిన్నటి లెక్క లేదేంది?" అంది.

"నిన్న గింజ ఎక్కువ వేగింది. ఇయ్యాల బోరువి గాకుండ నల్లానీళ్లు పోసిన."

"అత్తమ్మది గూడ రోజు ఒక్క తీరు ఉండకపోతుండె. ముసురువట్టిన నాడు గింజలు మెత్తవడి సక్కగ వేగకపోతుండె. చుట్టాలొస్తె నీళ్లు ఎక్కువ. వదినె మీద కోపమొస్తె మాడుస్తుండె."

"నా మీదనే ఎందుకు మాడుస్తది?" అంది ఆడబిడ్డ.

"నువ్వొచ్చిపోయిన మర్నాడు మేం తాగింది మసే వదినె."

ఇద్దరూ నవ్వారు. చెల్లెలు నవ్వుతూనే ఆగిపోయింది. నేను చటుక్కున ఆమె కళ్ల వైపు చూశాను. కానీ ఆమె చూపు గోడ మీద లేదు, గ్లాసులో ఉంది.

"మరి నాకొచ్చే వాసన ఎన్నడూ మారదేంది?" అంది.

మా ఇద్దరి వైపు చూసి మళ్లీ తనే అంది:

"ఎప్పుడు గదే. మాడేటప్పటి వాసన. పాలు లేవు, చక్కెర లేదు. వానైనా ఎండైనా గంతే." గ్లాసు కింద పెట్టింది. "వచ్చేది అత్తమ్మే అయితే ఒక్కనాడన్న నాకు మంచిగ కలపదా?"

ఆడబిడ్డ ముఖం తిప్పుకుంది. నేను నోరు తెరవకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాను. చెప్పవలసింది ఆమే చెప్పేసింది, నేను ఒక్క మాట కలిపినా అది నా వాదన అయిపోయేది.

"ఆ గోలీ ఇటియ్యి" అంది చెల్లెలు. మింగాక చాలాసేపు ఏడ్చింది. ఏడుపు ఆపమని మేం అనలేదు.

ఇది గెలుపని రాయడానికి నాకు ధైర్యం లేదు. మాత్రలు సంవత్సరాలు వాడాలి. ఆ వీధిలో ప్రేమగల మనుషులు చాలామంది ఉన్నారు. పలకరించడానికి వస్తారు, చెయ్యి పట్టుకుంటారు, "మీ అత్తమ్మ మళ్ల వచ్చిందా?" అని అడుగుతారు. ఆడబిడ్డ నాగర్‌కర్నూలు నుంచి ఫోన్ చేసినప్పుడు ఇప్పటికీ ఒక్కోసారి నోరు జారి అదే అడుగుతుంది. "రాలేదు" అంటుంది చెల్లెలు. ఆ మాట తర్వాత ఆమె గొంతు చిన్నదైపోతుంది. అలాంటి రోజు సాయంత్రం నేను వనపర్తిలో కూర్చుని, ఆమె మాత్ర మింగిందో, మెతుకుల కింద దాచిందో తెలియక ఫోన్ వైపు చూస్తూ ఉంటాను. ఒక్క ప్రశ్న చాలు, ఆమె మళ్లీ ఆ బండ మీదికి వెళ్లి కూర్చోవడానికి. పొయ్యి మాత్రం వంటింట్లోనే వెలుగుతూ ఉంటుంది.

మీ వీధిలోనూ ఇలాంటి మనిషి ఉండవచ్చు. మాట మధ్యలో ఆగిపోయేవాళ్లు, లేని వాసన వచ్చిందనేవాళ్లు, పిలిస్తే కాసేపు పలకనివాళ్లు. వాళ్లింటికి వెళ్లినప్పుడు వాసన వచ్చిందా అని అడగకండి. పోయినవాళ్ల పేరు ఎత్తి ఆశ పెట్టకండి. ఇంకా డాక్టరుకు చూపించకపోతే ఈ వారమే బస్సెక్కించండి. మందు ఇచ్చి ఉంటే, పొద్దుటి మాత్ర వేసుకున్నావా అని అడగండి. వేసుకున్నా అంటే నమ్మి లేవకండి. మంచినీళ్లు మీరే ఇచ్చి, మింగేదాకా పక్కన కూర్చోండి.