పిట్ట పిడికిలి

దయ్యాలనీ ఆత్మలనీ నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పలేను. కోవిల్‌పట్టిలో ఒక అగ్గిపెట్టెల కంపెనీలో మందు నాణ్యత సరిచూసే ఉద్యోగం నాది. ఏది ఎంత కలిస్తే నిప్పు పుడుతుందో, ఎందుకు పుట్టదో రోజూ చూసే మనిషిని. మా బంధువుల్లో ఎవరైనా "అక్కడ ఏదో కనపడింది" అంటే, ముందు కళ్ళద్దాలు తుడుచుకోమని చెప్పే నోరు నాది. అదే నోటితో ఇది చెప్పాల్సి రావడం నాకు కొంచెం సిగ్గుగానే ఉంది.

నలభై అయిదు దాటాక నాకు పిట్టల పిచ్చి పట్టింది. విరుదునగర్‌లో పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసే ఒకాయన తన పాత కెమెరా వదిలించుకుంటుంటే కొనుక్కున్నాను. దూరం లాగే పొడుగు లెన్సు ఆ తరువాత సంపాదించాను. ఎండాకాలం మా వైపు పగలు బయట తిరగడం మనుషులు చేసే పని కాదు. పురటాసి, ఐప్పసి నెలలు వచ్చేసరికి, అంటే ఈశాన్యపు వానలకు కాస్త ముందూ వెనకా, మా నల్లరేగడి నేలకు ఒక కళ వస్తుంది. దున్నిన నల్ల మన్ను మీద మబ్బుల నీడలు పోతుంటాయి. దూరంగా గాలిమరలు తిరుగుతుంటాయి. ఉత్తరం నుంచి వలస పిట్టలు దిగుతాయి.

ఆదివారం వస్తే స్కూటర్ తీసుకుని బయలుదేరతాను. ఆలంగుళం సున్నపురాయి గుంటల్లో నీళ్ళు నిలిస్తే బాతులు వస్తాయి. కళుగుమలై అంటే అరవంలో రాబందుల కొండ అని అర్థం గానీ, కొండ మీద నాకు ఒక్క రాబందు కూడా కనపడలేదు. అయినా ఆ కొండను ఎన్నిసార్లు తీశానో లెక్క లేదు. "ఎదురుగా కూర్చున్న మొగుడు మీసం తీసేసినా నీకు కనపడదు. రెండు ఫర్లాంగుల అవతల పిట్ట ముక్కు మాత్రం కనపడుతుంది" అని మా ఆయన దెప్పుతుంటాడు. అందులో అబద్ధం లేదు.

మా పుట్టిల్లు నాగలాపురం దాటాక ఒక మెట్ట ఊరు. అక్కడ మా అన్న శ్రీనివాసన్ సేద్యం చేస్తాడు. అమ్మా నాన్నా పోయాక పుట్టిల్లంటే నాకు అన్నా వదినే. వదిన పేరు రాజమ్మ. వాళ్ళకు పిల్లలు కలగలేదు. ఆ లోటు వాళ్ళ మాటల్లో ఎప్పుడూ వినపడేది కాదు. ఇద్దరూ పొద్దున్నే చేనికి పోయి, ఎవరు ఎక్కువ పని చేశారని పోట్లాడుకుంటూ ఇంటికి వచ్చేవాళ్ళు.

మా ఇళ్ళలో ఒక వాడుక ఉంది. విత్తనం వేసే రోజు, ట్రాక్టర్ చేనులోకి దిగకముందు, ఆ ఇంటి ఆడది తూర్పు గట్టు మీద పిట్టలకని గింజలు చల్లాలి. దాన్ని పిట్ట పిడికిలి అంటారు. "ఇది మీది, లోపలిది మాది" అని చెప్పి చల్లుతారు. పిట్టలు వచ్చి ఆ గింజలు తింటేనే లోపల విత్తనం వేస్తారు. ఆ ఇంటి పొయ్యి మీద వండే ఆడదే చల్లాలి. ఇంట్లో పుట్టిన ఆడపిల్లకు పెళ్ళయిపోతే ఆ హక్కు పోతుంది. ఆమె పిడికిలి అత్తవారింటిది.

వదిన ఆ పని చేస్తుంటే చూడటం నాకు ఇష్టం. అందరూ ఒకచోట నిలబడి విసిరేస్తారు. ఆమె మాత్రం గట్టు పొడుగునా నడుస్తూ చల్లేది. చిన్నప్పుడు ఎద్దుల బండి మీంచి పడి ఆమె తుంటి విరిగింది. నాలుగు అడుగులు వేసి ఆగేది. నొప్పి కనపడనివ్వకుండా కొంగు సర్దుకునేది. మళ్ళీ నాలుగు అడుగులు వేసేది. "కొంగు ఎన్నిసార్లు జారతాది వదినా" అని నేను ఎగతాళి చేస్తే, "మీ అన్న చూస్తా ఉండాడు గదా, సిగ్గు" అనేది.

నిరుడు ఎండాకాలంలో వదిన కామెర్లు ముదిరి చనిపోయింది. జబ్బని తెలిసిన తరువాత ఎక్కువ రోజులు కూడా బతకలేదు.

ఆ తరువాత అన్న మాట తగ్గించాడు. తిండి తగ్గించాడు. నేను వండి తీసుకుపోయిన డబ్బాలు మరుసటి వారం అలాగే కనపడేవి. అయినా చేను దున్నించి సిద్ధంగా పెట్టుకున్నాడు. పురటాసి వచ్చింది. విత్తనం మాత్రం వేయలేదు. ట్రాక్టర్ అతను వచ్చి అడిగితే వద్దని పంపేశాడట.

మా రేగడి సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. మేము పొడి మన్నులోనే విత్తనం వేసి వానకోసం కాచుకుంటాము. వాన ముందే పడిందంటే నల్ల మన్ను జిగట బురద అవుతుంది. ట్రాక్టర్ కాదు కదా, మనిషి కాలు కూడా పెట్టలేడు. అదను తప్పితే ఆ ఏడు చేను బీడే. అన్నకు ఆ చేను తప్ప పొద్దున్నే లేవడానికి ఇంకో కారణం మిగల్లేదు. అది కూడా బీడు పడితే మనిషి మంచం దిగడని నాకు తెలుసు. నేను భయపడింది చేను గురించి కాదు.

ఆ ఆదివారం పిట్టల నెపం పెట్టుకుని కెమెరాతో వెళ్ళాను. ఆగ్నేయం వైపు మబ్బు బాగా నల్లగా ఉంది. అన్న చేను పక్కన సామాన్లు పెట్టుకునే కొట్టు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"అన్నా, మబ్బు చూస్తివా? నేడో రేపో పడతాది. విత్తనం ఎప్పుడు ఏస్తావు?"

"ఏసేది లే పాపా. ఈ ఏడు బీడే దాన్. పిడికిలి చల్లే దానికి ఎవరుండారు?"

"నేను చల్లతాను."

అన్న నా వైపు చూశాడు. కోపం లేదు. "నిన్ను ఇచ్చేసినాము గదా. నీ పిడికిలి ఆ యింటిది. పిట్టలు యెట్ల తింటాయి?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. పుట్టిల్లేదో అత్తిల్లేదో పిట్టలకు ఎవరు చెప్పారని గొంతు దాకా వచ్చింది. అనలేకపోయాను. ఆ మొహం చూసి ఎవరూ అనలేరు.

మధ్యాహ్నం తిరిగాక అన్న ఊళ్ళోకి టీ తాగడానికి వెళ్ళాడు. నేను కొట్టులో ఉన్న బస్తాలోంచి కొంగులో కాసిని సజ్జలు పోసుకుని తూర్పు గట్టుకు వెళ్ళి, ఒక మూల నిలబడి, అందినంత దూరం విసిరాను. చెప్పాల్సిన మాట కూడా చెప్పాను. ఆ సజ్జలు వదిన తన చేత్తో వేపాకు వేసి దాచిన ఇంటి గింజలు. అంగట్లో మందు పూసి అమ్మేవి కావు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో ముందు ముందు మీకే తెలుస్తుంది.

తరువాత గట్టుకు ఎడంగా ఉన్న సర్కారు తుమ్మ కింద కెమెరా పెట్టుకుని కూర్చున్నాను. అక్కడి నుంచి లేవలేదు.

కాసేపటికి గులాబీ రంగు గోరువంకల మంద ఒకటి వచ్చి దిగింది. మా వైపు ఈ నెలల్లో ఇవి వందలుగా వస్తాయి. గులాబీ ఒళ్ళు, నల్ల తల, ఒక్క క్షణం నోరు మూయవు. దున్నిన మన్నులో పురుగుల కోసం వెతుకుతూ గట్టు దాకా పరుచుకున్నాయి. గట్టు ఎక్కలేదు. నా సజ్జలకు జానెడు దూరంలో పిట్ట ఉంటుంది, తల తిప్పి చూస్తుంది, అటు తిరిగి పోతుంది. గట్టు పొడుగునా ఒక్క పిట్ట లేదు. సజ్జలంటే ప్రాణం పెట్టే పిట్టలవి. నాకు నవ్వు వచ్చింది, తరువాత ఉక్రోషం వచ్చింది, కాసేపటికి ఏడుపు వచ్చింది.

అన్న తిరిగి వచ్చి చేనుకు అవతలి చివర కొట్టు మెట్టు మీద కూర్చున్నాడు. నేను చేసిన పని అతనికి తెలియదు.

ఇక్కడి నుంచి నేను చూసింది చూసినట్టు చెబుతాను.

గట్టు ఉత్తరపు మూల దగ్గర పిట్టలు కొన్ని జానెడెత్తు ఎగిరి పక్కకు దిగాయి. అక్కడ ఒక ఖాళీ ఏర్పడింది, మనిషి పట్టేంత. ఆ ఖాళీ కదిలింది. ముందున్న పిట్టలు పక్కకు తప్పుకుంటున్నాయి, వెనక పిట్టలు మళ్ళీ చోటు నింపుతున్నాయి. గద్ద వస్తే మంద మొత్తం ఒక్కసారి లేస్తుంది. కుక్క వస్తే ఒక వైపుకు పారిపోతుంది. ఇది ఆ రెండూ కాదు. రోజూ చేనులో తిరిగే మనిషి మధ్యలోంచి నడిచిపోతుంటే పిట్టలు ఎలా దారి ఇస్తాయో, అలా ఇస్తున్నాయి.

ముంగిసో పామో అనుకుని లెన్సు పెట్టి చూశాను. నున్నగా దున్నిన మన్ను, ఏదీ దాగే చోటు కాదు. సుడిగాలి అనుకుంటే దుమ్ము లేవలేదు. ఆకు కదలలేదు.

ఆ ఖాళీ గట్టు వెంబడి కొంచెం దూరం పోయి ఆగింది. కాసేపు అక్కడే ఉంది. మళ్ళీ కొంచెం పోయింది. మళ్ళీ ఆగింది. నేను కెమెరా నొక్కుతూనే ఉన్నాను. అలా ఆగి ఆగి నడిచే మనిషి నాకు తెలిసి ఒక్కతే.

దాని వెనకే గోరువంకలు గట్టు ఎక్కాయి. ఒకటి, తరువాత పది, తరువాత గట్టు కనపడనన్ని. అంతసేపు ముట్టని సజ్జలు ఒకదాన్నొకటి తోసుకుంటూ తిన్నాయి. నాకు భయం వేయలేదు. అది మాత్రం ఖాయంగా చెప్పగలను. వదిన మీద బెంగ ఒక్కసారిగా పొంగుకొచ్చి, కెమెరా ఒళ్ళో పెట్టుకుని గట్టిగా ఏడ్చాను.

తల ఎత్తేసరికి అన్న లేచి నిలబడి ఉన్నాడు. చేనులోకి నాలుగు అడుగులు వేశాడు. మంద లేచిపోయింది. అన్న చూపు గట్టు మీదే ఉంది. తరువాత జేబులోంచి ఫోన్ తీసి ట్రాక్టర్ అతనికి చేశాడు. "ఇప్పుడే రా. విత్తనం ఏయల" అన్నాడు. అంతే. నన్ను ఏమీ అడగలేదు.

చీకటి పడేలోగా విత్తనం వేయడం పూర్తయింది. మరుసటి రోజు రాత్రి వాన పడింది.

ఆ రోజు తీసిన ఫొటోల్లో పిట్టలు ఉన్నాయి. కొన్నిటిలో పిట్టల మధ్య ఖాళీ ఉంది. అంతకు మించి ఏమీ లేదు. పిట్టలు చూసే స్నేహితులకు చూపిస్తే ఒకరు గద్ద నీడ అన్నారు. ఆ వేళ మబ్బు కమ్ముకుని నీడలే లేవు. ఇంకొకరు మందు పూసిన గింజలు కాబట్టి మొదట ముట్టలేదేమో అన్నారు. ఆ గింజల సంగతి ముందే చెప్పాను. నేను కూడా నాకు తెలిసిన కారణాలన్నీ ఒకదాని తరువాత ఒకటి వేసి చూసుకున్నాను. ఏదీ అతకలేదు. బెంగ పడిన మనసు చూపించిన బొమ్మ అనుకుందామన్నా, పిట్టలు సజ్జలు తిన్నది నిజమే కదా.

అసలు మాట తై నెలలో, సంక్రాంతి దాటాక తెలిసింది. సజ్జ కోత అయ్యాక అన్న బస్తా తీసుకుని మా ఇంటికి వచ్చాడు. మొహం తేరుకుంది. అన్నం తిన్నాడు, మజ్జిగ మళ్ళీ పోయించుకున్నాడు. చేయి కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"ఆ పొద్దు నువ్వు గట్టు మింద నడిస్తివి గదా పాపా. కంట్లో పొర, సరిగా కనపడలే. అయినా తెలిసె. మీ వదిన మాదిరే నిలిచి నిలిచి పోతివి. ముందు కోపం వచ్చె, ఎక్కిరిస్తా ఉందా అని. ఆమేల తెలిసె, నన్ను లేపేదానికే దాన్ అట్ల నడిస్తివని. పిట్టలు తినె. ఆ యింటి పిడికిలి అయినా తినె. నువ్వు నడవకుంటే నేను లేచుండను."

నేను తుమ్మ కిందనుంచి లేవలేదని నోటి దాకా వచ్చింది. అన్న కళ్ళు చూశాను. పొరలు కమ్మిన కళ్ళు, అయినా నెలల తరువాత వెలుగున్న కళ్ళు. చెల్లెలు తనకోసం అంత పని చేసిందని ఆ కళ్ళు నమ్మాయి.

"అవున్నా, నేనే దాన్" అన్నాను.

అది అబద్ధం. ఇప్పటికీ అన్నకు నిజం చెప్పలేదు. చెప్పాలంటే ఏం జరిగిందో నాకు తెలియాలి. నాకు తెలియదు.

మళ్ళీ పురటాసి వచ్చింది. మొన్న అన్న ఫోన్ చేశాడు. చేను దున్నించాడట. "ఈ తూరి నీ పిడికిలే. ఆ మాదిరే నడవల" అన్నాడు. మేడ మీద నాలుగు అడుగులు వేసి ఆగుతూ ప్రయత్నం చేస్తుంటే, కాలు బెణికిందా అని మా ఆయన కంగారుపడ్డాడు. ఆ నడక నాకు రాదు. అయినా ఆదివారం వెళుతున్నాను. ఆ గట్టు సన్నది, ఇద్దరు పక్కపక్కన పట్టరు. నేను కాస్త వెనకగా నడుద్దామని అనుకుంటున్నాను.