నాకు వ్యతిరేకంగా నేను రాసిన అర్జీ

రెజిమెంటల్ బజార్‌లో మా నాయన కొట్టు ఎంత ఇరుకంటే, లోపల ఒకరికి తుమ్ము వస్తే ఇంకొకరు బయటికి వెళ్ళి చోటివ్వాలి. ఆ ఇరుకులోనే దేశంలోని సైన్యం మొత్తానికి సరిపడా ఇత్తడి గుండీలు, బెల్టు బిళ్ళలు, భుజం పట్టీలు, టోపీ గుర్తులు ఉండేవి. మా సరుకు ఒక్క వారం అందకపోతే సరిహద్దులో సిపాయిలు చొక్కాలు చేత్తో పట్టుకుని నిలబడాల్సి వచ్చేదని చిన్నప్పుడు గట్టిగా నమ్మాను. ఆ నమ్మకం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

తాత పెట్టిన కొట్టు అది. డిగ్రీ చదువు ముగిసిన మర్నాటి నుంచి నాయన పక్కన స్టూలు వేసుకుని నేనూ కూర్చున్నాను. ఏ రెజిమెంటుది ఏ గుండీయో కళ్ళు మూసుకుని తడిమి చెప్పేదాన్ని. మా తమ్ముడు మాత్రం ఏడాదికి ఒకసారి, దసరా పూజ రోజున, సరిగ్గా ప్రసాదం వేళకు కొట్టుకు వచ్చేవాడు.

“నా తర్వాత గిదంతా తమ్మునిదే గద బిడ్డా,” అనేవాడు నాయన, సాయంత్రం వాన పడుతుందేమో అన్నంత మామూలుగా. ఆయన ఆ మాట అన్న రోజుల్లో నేను గుండీలను ఎంత గట్టిగా తుడిచేదాన్నంటే, వాటి మెరుపుకు ఎదురు కొట్టు మంగలి అద్దం పక్కన పెట్టి వాటిల్లోనే జనానికి మొహాలు చూపించగలిగేవాడు.

నాకు ఇరవై నాలుగేళ్ళప్పుడు అసెంబ్లీలో ఒక బిల్లు వస్తోందన్న వార్త బజారులో పడింది. తాతల ఆస్తిలో పెళ్ళికాని ఆడపిల్లకు కొడుకుతో సమానంగా వాటా. పేపర్లో ఆ నాలుగు లైన్లూ నేను నలభై సార్లు చదివాను. నలభై ఒకటోసారి చదువుతుండగా బట్టల కొట్టు కాకా వచ్చి పేపరు లాక్కున్నాడు.

ఆయన నాకు సొంత బాబాయి కాదు, బజారు మొత్తానికి కాకా. గొంతు మాత్రం బొల్లారం దాకా వినిపించేది.

“ఇండ్లు కూలుతయ్ అన్నా!” అన్నాడు నాయనతో. “అన్నాచెల్లెండ్లు కోర్టుల కలుసుకుంటరు ఇగ. రాఖీ కట్టనీకి సుత వకీలుతోనే వస్తది చెల్లె.”

నాయన తల ఊపాడు. ఆయనది కోపం కాదు, నమ్మకం. ఆడపిల్లకు పుట్టింటి ప్రేమ చాలని, ఆస్తి పంచితే ఆ ప్రేమ తెగుతుందని ఆయన మనసారా నమ్మేవాడు. అందుకే ఆయనతో పోట్లాడటం కష్టం.

ఇద్దరూ కలిసి మా ఎమ్మెల్యే దగ్గరికి పోయారు. ఆయన కూడా బిల్లును వ్యతిరేకించేవాడే. కానీ తెలివైనవాడు. “మగోళ్ళు వద్దంటే ఎవరింటరు? ఆడోళ్ళే మాకొద్దంటున్నరని ఒక అర్జీ తెండి. సభల చదువుత,” అన్నాడట.

అర్జీ అనగానే బజారులో అందరి చూపూ నా కుడిచేతి మీద పడేది. మురిక్కాలువ గురించి, బస్సు ఆగే చోటు గురించి, కుక్కల గురించి, ఏ అర్జీ అయినా నా చేతిరాతలోనే వెళ్ళాలి. నా అక్షరాలు చూసి మునిసిపాలిటీ గుమాస్తాలు లేచి నిలబడేవారు. కాలువ బాగుపడేది కాదనుకోండి, నిలబడటం మాత్రం నిజం. దీనికి తోడు నాయన పెట్టిన కట్టుబాటు ఒకటి ఉంది. మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించకుండా ఎవరి దగ్గరా సంతకం గానీ వేలిముద్ర గానీ తీసుకోకూడదు. ఆ నియమం వల్లే బజారు మా కొట్టును హైకోర్టు కన్నా ఒక మెట్టు పైన ఉంచింది.

ఆ మధ్యాహ్నం నా ముందు తెల్ల కాగితం పెట్టారు. కాకా నిలబడి చెప్పాడు, నేను రాశాను.

“రాయి బిడ్డా. మేము, ఈ బజారు స్త్రీలము, ఏకగ్రీవంగా మనవి చేయునది ఏమనగా...”

మీసాలున్న మనిషి నోట్లోంచి ఆ మాటలు వస్తుంటే నవ్వు కడుపులో ఇడ్లీ పిండిలా పొంగింది. దాన్ని అక్కడే అణిచేసి రాశాను. మాకు ఆస్తిలో వాటా వద్దు. అన్నదమ్ముల ప్రేమే మా ఆస్తి. మేము అడగనిది మా మీద రుద్దవద్దు. ఒక్క అక్షరం వంకర పోనివ్వలేదు. ఒక్క సున్నా కూడా దొర్లిపోలేదు. నన్ను ఉరి తీయమన్న కాగితమైనా నా చేతిరాతలో అందంగా ఉండాల్సిందే.

“ఇగ మొదటి సంతకం నీదే,” అన్నాడు కాకా. “నువ్వు పెడితే బజారు మొత్తం పెడ్తది.”

కలానికి మూత పెట్టాను. “నేను పెట్ట కాకా.”

“ఏందీ?”

“నాకు వాటా కావాలె. వద్దని ఎట్ల సంతకం పెడ్త?”

కొట్టులో గాలి ఆగిపోయింది. అసలు అక్కడ గాలి ఎప్పుడూ ఉండేది కాదు, ఉన్న పిసరంతా ఆగింది. నాయన నా మొహం చూడలేదు. గుండీల డబ్బా మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు.

“గంత మాట అనద్దు బిడ్డా,” అన్నాడు చివరికి. “సరే, నీ సంతకం వద్దు. తక్కిన ఆడోళ్ళకు చదివి వినిపించు. మధ్యాహ్నం పూట మగోళ్ళం ఇండ్లల్లకు పోలేం గద.”

“చదువుత నాయనా. ఒక్క మాట తియ్య, ఒక్క మాట కలప.”

ఈ పొరపాటు ప్రపంచంలో మా వాళ్ళు తప్ప ఎవరూ చేసి ఉండరు. వ్యతిరేకించిన మనిషి చేతికే అర్జీ ఇచ్చి సంతకాలకు పంపారు. నాయన నా మాట మీద నమ్మకంతో పంపాడు. ఆ నమ్మకాన్ని నేను ఇసుమంతైనా చెడగొట్టలేదు. ఎవరికీ ఏదీ నూరిపోయలేదు. చదివానంతే. కాకపోతే, తొందర పడకుండా చదివాను.

మొదట పూల దుకాణం ముసలమ్మ. మాల కడుతూనే విన్నది. “అన్నదమ్ముల ప్రేమే మా ఆస్తి” దగ్గర ఆమె చేతులు ఆగాయి.

“మా అన్న మొన్న నా కాలిరిగితే సుత రాలె బిడ్డా. ఆ ఆస్తి ఏ డబ్బల పెట్టిండో జెర అడిగి చెప్పు,” అని మళ్ళీ మాల అందుకుంది. వేలిముద్ర వేయలేదు.

తర్వాత కాకా వాళ్ళ ఇల్లు. ఆయన భార్యను మేం చిన్నమ్మ అనేవాళ్ళం. కాకా ముందు ఆమె నోరు విప్పడం బజారులో ఎవరూ చూడలేదు. తల వంచుకుని మొత్తం విన్నది.

“ఏకగ్రీవం అంటే?”

“అందరు ఒక్క మాట మీదున్నరని, చిన్నమ్మా.”

“నన్నెప్పుడు అడిగిన్రు?” అన్నది, నిజంగా గుర్తు తెచ్చుకుంటున్నట్టు. “నా నోట్ల మాట నాకు తెల్వకుంట కాగితం మీదికి ఎట్లొచ్చింది? చాయ్ తాగి పో.”

మూడు రోజులు తిరిగాను. చాయ్‌లు తాగీ తాగీ నా ఒంట్లో రక్తం బదులు అదే పారిందంటే అతిశయోక్తి కాదు. రాంగోపాల్‌పేట్‌లో ఉండే మా పాత టీచరమ్మ దగ్గరికి కూడా పోయాను. పేర్లు ఎక్కువ కావాలని కాకా ఆవిడ పేరు జాబితాలో ఎక్కించాడు మరి. ఆవిడది కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. కళ్ళద్దాలు పెట్టుకుని అర్జీ తనే చదివింది.

“ఈ చట్టం హిందువులకమ్మా, మాకు వర్తించదు, మాది వేరే,” అన్నది. “వర్తించినా సంతకం పెట్టనని మీ కాకాగారితో చెప్పు. చేతిరాత మాత్రం బావుంది. నూటికి తొంభై ఎనిమిది.”

ఆ రెండు మార్కులు ఎందుకు తగ్గాయో అడిగే ధైర్యం నాకు ఈ జన్మకు రాలేదు.

నాలుగో రోజు కాగితం నాయన ముందు పెట్టాను. కింద ఒక్క సంతకం లేదు. కాకా ఎర్రబడ్డాడు.

“నువ్వే ఏదో నూరిపోసినవ్!”

“మీరు చెప్పిందే చదివిన కాకా. చిన్నమ్మను అడుగు.”

కాకా నోరు తెరిచి, ఇంట్లో జరిగే సంగతి ఒకసారి ఊహించుకుని, మూసుకున్నాడు.

అయినా నాయన వెనక్కి తగ్గలేదు. పట్టుదలలో నేను ఆయన కూతుర్ని, అది ఆస్తి పంచక ముందే నాకు ముట్టింది. మగవాళ్ళ సంతకాలతో ఇంకో కాగితం రాయమన్నాడు. అదీ రాశాను. ఆయన దాన్ని తీసుకుని, ఎమ్మెల్యే ఇప్పించిన పాసుతో అసెంబ్లీ గ్యాలరీలో కూర్చుని చర్చ మొత్తం విన్నాడు.

సాయంత్రం వచ్చి చెప్పులు విడవకుండానే స్టూలు మీద కూర్చున్నాడు.

“మన ఎమ్మెల్యే మంచిగనే మాట్లాడిండు,” అన్నాడు. “ఇండ్లు ముక్కలైతయన్నడు. బల్లలు చరిచిన్రు. మా ఆడబిడ్డలే వద్దంటున్నరన్నడు. అప్పుడు ఒకామె లేచింది. ఎవరా బిడ్డలు, పేర్లు చదవండ్రి అన్నది.”

“చదివిండా?”

“ఏం చదువుతడు? ఒక్క ఆడమనిషి పేరు లేదు.” వంగి చెప్పులు విడిచాడు. “నీ పేరన్న ఉంటే బాగుండు అనుకున్న. మళ్ళ, అది అబద్ధమైతుండె గదా అనిపించింది.”

బిల్లు పాసయింది. ఆ వార్త వచ్చిన రోజు నాయన అన్నం సగం తిని లేచాడు. నేను మాత్రం మూడోసారి వడ్డించమన్నాను. అమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

వారం తిరగకుండా కాకా ఒక ఉపాయంతో వచ్చాడు. వాటా వదులుకుంటున్నానని నాతో కాగితం రాయిస్తే సరిపోతుందట. బజారులో చాలామంది అదే చేస్తున్నారట. “బిడ్డకు ఓ చీర పెట్టు, సంతకం తీస్కో. కిస్సా ఖతం.”

నేను స్టూలు మీద బిగుసుకుపోయాను. బయట బెల్టు కొనడానికి వచ్చిన సిపాయి, తన మీదే యుద్ధం ప్రకటించారనుకున్నాడో ఏమో, రెండడుగులు వెనక్కి వేశాడు.

నాయన తొందర పడలేదు. “ఆ కానూన్ తప్పని ఇప్పటికీ అంట,” అన్నాడు. “వద్దని అసెంబ్లీ దాక పోయిన. ఓడిపోయిన. ఓడినంక దొంగదారి నాకెందుకు?”

“గట్లనా?” అన్నాడు కాకా.

“గంతే. బిడ్డకు వద్దని లేదు. లేనిది ఎట్ల రాయిస్త?” అని, సిపాయి వైపు చూసి, “ఏం కావాలె తమ్మీ?” అన్నాడు. తర్వాత నా వైపు తిరగకుండానే, “బిడ్డా, ముప్పై నాలుగు సైజు బెల్టు చూపియ్. ఆ పై వరుసల. నీ కొట్టే గద, నన్నడుగుతవేంది,” అన్నాడు.

నేనేమీ అడగలేదు. లేచి పై వరుస అందుకున్నాను.