మా అన్నయ్య ఊరు వదలకపోవడానికి కారణాలు

మా అన్నయ్యను అందరూ మాస్టారు అంటారు. పాఠాలేమీ చెప్పడు, బట్ట కత్తిరిస్తాడు. రెడీమేడ్ చొక్కాలు కుట్టే కార్ఖానాలో కటింగ్ మాస్టర్. బల్ల మీద గుడ్డను పొరలు పొరలుగా జానెడు ఎత్తున పరిచి, అట్టముక్క పెట్టి సుద్దతో గీత గీసి, గుడ్డ కోసే మిషను చేతిలోకి తీసుకున్నాడంటే ఇక వెనక్కి చూడడు. చెయ్యి ఇంత జారితే కట్టలు కట్టలు చొక్కాలు పాడవుతాయి. ఆ చెయ్యి జారదు. అదే మనిషిని ఆదివారం సినిమాకి వెళ్దామా అని అడిగితే సోమవారం దాకా ఆలోచిస్తాడు.

ఊరు మారే విషయంలో ఆయనగారి ఆలోచన పెళ్లికి ముందే మొదలైంది. నగరంలో మంచి పని ఉంది రమ్మని తోటి మాస్టరొకాయన పిలిచాడు. అక్కడి నీళ్లు తనకు పడవన్నాడు అన్నయ్య. తాగి చూసింది లేదు. మళ్లీ పిలిచారు. అక్కడి ఇళ్లలో గాలి ఆడదని ఎవరో చెప్పారన్నాడు. ఆ చెప్పిందెవరో మాకు ఇప్పటికీ తెలియదు. పెళ్లయ్యాక వదిన కాస్త గట్టిగా అడగడం మొదలుపెట్టేసరికి నీళ్లూ గాలీ చాలలేదు. బరువైన కారణం ఒకటి కావలసి వచ్చింది. వెతగ్గా వెతగ్గా మా అమ్మ మోకాళ్లు దొరికాయి.

"ఆ మోకాళ్లతో అమ్మ కొత్త ఊళ్లో ఏం తిరుగుతుంది? వదిలేసి వెళ్తే ఎవరు చూస్తారు?" అని వదినతో అన్నాడట. అనడమే కాదు, కళ్లలో నీళ్లు కూడా తెచ్చుకున్నాడట.

అమ్మ మోకాళ్ల సంగతి చెప్పాలి. ఆవిడ ఆస్పత్రిలో పిల్లల వార్డులో ఆయాగా పనిచేసి రిటైరైంది. చంకలో ఒకరిని, భుజాన ఒకరిని వేసుకుని వార్డంతా తిరిగిన మనిషి. మూడో అంతస్తులో ఉన్న ఇంటికి రెండు చేతులా సంచులు పట్టుకుని ఎక్కేసి, మెట్ల మలుపు దగ్గర ఆయాసపడుతున్న కొడుకును చూసి, "మెల్లిగా రా నాన్నా, తొందరేం లేదు" అంటుంది. ఆవిడ మోకాళ్లలో నొప్పనేది ఉంటే గింటే అది మా అన్నయ్యకే తెలియాలి.

కానీ మాట పాకిపోయింది. కింది వాటాలో రిటైర్డ్ గుమాస్తా ఒకాయన ఉన్నాడు. పక్కవాళ్ల కష్టం వినకపోతే ఆయనకు అన్నం అరగదు. అన్నయ్య కనబడితే చాలు, "తల్లి కోసం బతుకంతా ధారపోశావయ్యా" అని భుజం తట్టేవాడు. అన్నయ్య తల వంచుకుని ఆ తట్టించుకోవడం చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది. తిట్టేదాన్ని కూడా. "నీకు తెలీదే చెల్లాయ్, పైకి చెప్పుకోదు గానీ అమ్మ చాలా బాధపడుతోంది" అనేవాడు. అంత నమ్మకంగా చెబుతుంటే, ఒక్కోసారి నాకే అమ్మ నడక తేడాగా కనిపించేది.

ఇక వదిన. అత్తగారిని పల్లెత్తు మాట అని ఎరగదు. ఆవిడ తరఫున గిన్నెలు మాట్లాడేవి. మూత వేస్తే వీధి చివరికి వినబడేది. అమ్మ మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఒకటే అడిగేది. "నేనేం చేశానే ఆ పిల్లకి? నా ముఖం చూస్తేనే మాడిపోతుంది." నాకు కారణం తెలుసు గానీ ఏమని చెప్పను? నీ మోకాళ్లమ్మా అనాలా?

ఇలా ఉండగా కార్ఖానా ఓనరు నగరంలో ఇంకా పెద్ద కార్ఖానా పెట్టాడు. కటింగ్ అంతా అన్నయ్య చేతిలో పెడతానన్నాడు. ఉండటానికి ఇల్లు కూడా ఇస్తానన్నాడు. అన్నయ్య యథాప్రకారం మోకాళ్లు అడ్డం పెట్టాడు. ఓనరు మాత్రం వదిలే రకం కాదు. ఒక ఆదివారం తిన్నగా ఇంటికే వచ్చేశాడు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. నా అదృష్టం.

"అమ్మా, మీరు పెద్దవారు, తప్పుగా అనుకోకండి" అని మొదలుపెట్టాడాయన. "మీరు ఒక్కసారి సరే అంటే మాస్టారి జీవితం బాగుపడుతుంది."

"నేనా? దేనికి సరే అనాలి?" అంది అమ్మ.

"అదే... మీ మోకాళ్లు. మిమ్మల్ని వదిలి రాలేనని ఆయన ఎప్పుడూ..."

అమ్మ అన్నయ్య వైపు చూసింది. అన్నయ్య కిటికీ వైపు చూశాడు. వంటింటి గుమ్మంలో వదిన కదలకుండా నిలబడింది.

"ఎప్పట్నుంచి చెబుతున్నావురా ఇది?" అని అమ్మ నెమ్మదిగా అడిగింది.

అమ్మ మామూలుగా అయితే ఇల్లెగిరిపోయేలా అరుస్తుంది. ఆ రోజు అరవలేదు. ఓనరు వైపు తిరిగి, ఆ కొత్త చోట ఎవరెవరు పనిచేస్తారని అడిగింది. ఆడవాళ్లే ఎక్కువని, చంటిపిల్లల తల్లులు పని మానేసి వెళ్లిపోతున్నారని, పిల్లల కోసం ఒక గది కట్టించినా చూసుకోవడానికి నమ్మకమైన మనిషి దొరకడం లేదని ఆయన తన గోడు చెప్పుకున్నాడు.

"నేను వస్తాను" అంది అమ్మ.

ఓనరు నవ్వబోయి, ఆవిడ ముఖం చూసి మానేశాడు. అమ్మ లేచి గది మధ్యలోకి వచ్చి, గొంతుక్కూర్చుని, చేతులు నేలకు ఆనించకుండా లేచి నిలబడింది. "ఇంకోసారి చెయ్యమంటారా?" అంది. అక్కర్లేదన్నాడాయన.

వారం తిరక్కుండా అమ్మ వెళ్లిపోయింది. ఒకటే సంచి. గుమ్మం దిగుతూ కొడుకుతో, "నీకు రావాలనుంటే రా, ఉండాలనుంటే ఉండు. నా పేరు మాత్రం ఎత్తకు" అంది. నెలాఖరులోగా ఏ సంగతో తేల్చమని ఓనరు అన్నయ్యకు గడువిచ్చాడు.

ఇక అడ్డమేముంది? వదిన పెట్టెలు కిందికి దించింది. అన్నయ్య ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. నెలాఖరు దగ్గరపడుతుండగా ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. వెళ్లొస్తామని చెప్పడానికేమో అనుకున్నాను. అన్నయ్య కుర్చీలో కూర్చుని, నా తల నిమిరి, గొంతు బొంగురు చేసుకుని అన్నాడు.

"అమ్మ కూడా వెళ్లిపోయింది. మేమూ వెళ్లిపోతే ఇక్కడ నువ్వు ఒంటరిదానివి అయిపోతావే. ఓనరుకి అదే చెబుదామనుకుంటున్నాను."

నాకు మొగుడున్నాడు, ఇద్దరు పిల్లలున్నారు, మంచమెక్కిన మామగారు ఉన్నారు. అరగంట ఒంటరిగా కూర్చునే భాగ్యం కోసం ఏడుస్తున్నదాన్ని. కోపం నషాళానికంటింది.

"ఇన్నాళ్లూ అమ్మ మోకాళ్లు, ఇప్పుడు నేనా? నేనూ ఎటో పోతే ఆ కింది వాటా గుమాస్తాగారిని పట్టుకుంటావా? భయమేస్తోందని చెప్పి ఏడువు అన్నయ్యా. ఒక్కసారి చెప్పు, ఎవరూ చంపరు."

కొట్టినంత పని చేస్తాడనుకున్నాను. అరచేతులు చూసుకున్నాడు.

"భయమే" అన్నాడు. "అక్కడ కంప్యూటర్ గీస్తుందట, దాన్ని బట్టి కొయ్యాలట. నాకంటే చిన్నవాళ్లు చుట్టూ నిలబడి చూస్తుంటే, నాకు రాదని తెలిసిపోతే? ఇక్కడైతే నేను మాస్టార్ని."

అప్పుడు మాట్లాడింది వదిన.

"ఈ ముక్క పెళ్లైన కొత్తలోనే చెప్పి ఉంటే, నేను ఇన్నేళ్లూ అత్తయ్యని తిట్టుకునేదాన్ని కాదు కదండీ. ఆవిడ పెట్టిన అన్నం తింటూ, ఈవిడ ఎప్పుడు పోతుందా అనుకున్నాను. నా మనసులో నేనే అనుకున్నాను."

అయినా పుట్టుబుద్ధి ఎక్కడికి పోతుంది! "అయితే అమ్మకి నువ్వు ఫోన్ చేసి చెప్పు. నా తరఫున కూడా చెప్పు" అన్నాడు.

"నా పాపం నేను చెప్పుకుంటాను. మీది మీరు మోసుకెళ్లండి" అంది వదిన.

అలా మా అన్నయ్య, వదినతో కలిసి, జన్మలో మొదటిసారి ఆ నగరానికి బస్సెక్కాడు. తర్వాత అమ్మ ఫోన్లో చెప్పింది. వీళ్లు వెళ్లేసరికి అమ్మ భుజం మీద ఎవరిదో పిల్ల అప్పుడే కునుకు తీసిందట. "మెల్లిగా చెప్పరా, పిల్ల లేస్తుంది" అందట. దాంతో అన్నయ్య తన జీవితంలోని అబద్ధమంతా గుసగుసగా ఒప్పుకోవలసి వచ్చింది. వదిన మాత్రం గుసగుసలాడలేదు. అమ్మ ఒళ్లో తల పెట్టి బావురుమంది. పిల్ల లేచింది. గదిలో ఉన్న పిల్లలందరూ లేచారు.

అందరినీ ఊరుకోబెట్టాక, "మరి ఉంటావా, వెళ్తావా?" అని అమ్మ కొడుకును అడిగిందట. వెళ్లిపోతానన్నాడు. సరే అంది. తర్వాత కోడలి వైపు తిరిగి, "నీకేం చెయ్యాలనుంది?" అని అడిగింది. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న మా అన్నయ్య నోట ఒక్కసారీ రాలేదు.

"నాకు ఇక్కడ ఉండాలని ఉంది అత్తయ్యా" అంది వదిన. గుండీల కాజాలు కుట్టే మిషను మీద మనిషి కావాలంటే మర్నాడే చేరిపోయింది.

అన్నయ్య ఒక్కడే తిరిగొచ్చాడు. ఆ సాయంత్రం అన్నం క్యారియర్ పట్టుకుని వెళ్లాను. మెట్ల దగ్గర గుమాస్తాగారు ఆయన్ని ఆపేసి ఉన్నాడు. "మీ ఆవిడేదయ్యా? మళ్లీ ఏం త్యాగం చేసొచ్చావు?" అని నాలుక చప్పరిస్తున్నాడు. అన్నయ్య నా వైపు చూశాడు. అయిపోయింది, ఇప్పుడు నా పేరు చెబుతాడు అనుకున్నాను.

"త్యాగమేం లేదండీ. ఆవిడకి అక్కడ ఉండాలని ఉంది. నాకు భయమేసి వచ్చేశాను" అన్నాడు.

గుమాస్తాగారి చెయ్యి భుజం దాకా వచ్చి ఆగిపోయింది. పాపం, ఎవరి మీద జాలి పడాలో ఆయనకు తెలియలేదు. లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు.

మా అన్నయ్య మీద నాకు ప్రేమ పొంగుకొచ్చింది. నిజంగానే కళ్లు చెమర్చాయి. ఆ మాటే చెబుదామని నోరు తెరిచేలోగా ఆయన క్యారియర్ మూత తీసి చూసి, "రేపు కూడా ఇంతే తెస్తే నాకు చాలదే" అన్నాడు.