నాలుగు తీగల గిటారు

కురబలకోటలో గొర్రెలు మేపే నంజమ్మకు అల్లుడు ఉమాశంకర్. పుంగనూరు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో బేస్ గిటారు వాయిస్తాడు. “గిటారు ఒకటి ఉండాది కదా, ఇంగోటి యాల?” అని ఓనరు వెంకటముని అతన్ని మాన్పించబోతే, అది గిటారో కాదో తేల్చుకోవడానికి నంజమ్మే ప్రాక్టీసుకు వెళ్లింది. వంగి చూసింది. ఆకారం గిటారుదే; తీగలే నాలుగు, పగ్గాల్లా లావు.

“కొంచేపు నిలిపి సూడప్పా,” అంది అల్లుడితో. అతను ఆపగానే పాట ఒక దారి, డ్రమ్ము ఒక దారి పట్టాయి.

“మా మందలో గొర్రెలన్నీ మేక ఎనకాలే నడుస్తాయి. ఈడ ఆ మేక ఇదే!” అంది నంజమ్మ.

“అయితే ఇది గిటారు కాదంటావా అమ్మా?” అన్నాడు వెంకటముని.

“ఏం ఓనరువప్పా నువ్వు! గొర్రెల్ని ఎంచేటప్పుడు మేకనూ కలిపే ఎంచుతాం. తప్పిపోతే మాత్రం ముందు దాన్నే ఎతుకుతాం.”

వెంకటముని ఉమాశంకర్ వైపు తిరిగాడు. “మొదట్నించి వాయించప్పా.”