బనగానపల్లె మీద పోయిన సందేశాలు

ఆ వేసవిలో మేము పోగొట్టుకున్నవి ఇవి: విమానాలకు పంపిన సందేశాలు నూట నలభై మూడు, అనవసరంగా మార్చిన యాంటెన్నా కేబుళ్లు రెండు, గుట్టెక్కి దిగడంలో తెగిన నా చెప్పుల జత ఒకటి, కడప స్టేషను, ఆ స్టేషను చూసుకునే మనిషి.

రెండువేల దశకం మధ్యలో నేను కర్నూలు దగ్గర ఒక చిన్న రేడియో స్టేషను చూసుకునేవాణ్ణి. పైన పోయే విమానాలకూ వాటి కంపెనీలకూ మధ్య అక్షరాల సందేశాలు దాని ద్వారా నడిచేవి. ఇంధనం ఎంత ఉంది, ముందు వాతావరణం ఎలా ఉంది, దిగాక ఎక్కడ ఆగాలి, ఇలాంటివి. మేము పంపింది చేరితే విమానంలోని యంత్రం తనంతట తానే అందిందని జవాబిస్తుంది. జవాబు రాకపోతే మా యంత్రం మళ్లీ పంపుతుంది, నాలుగైదుసార్లు చూసి వదిలేస్తుంది. అలా వదిలేసినవే పోయిన సందేశాలు. నా చదువు ఇంటర్‌తో ఆగినా రేడియో లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను కాబట్టి, ఎందుకు పోతున్నాయో తేల్చమని నాకప్పగించారు.

ఇలాంటిదే ఇంకో స్టేషను, కొత్తది, కడప పక్క గుట్ట మీద ఉండేది. అక్కడి టెక్నీషియన్ వేంపల్లె వాడు, నాకన్నా చిన్న. పెళ్లైనప్పటి నుంచి దూరాభారాల్లో పనిచేసి, అడగ్గా అడగ్గా సొంత జిల్లాకు బదిలీ తెచ్చుకున్నాడు. సాయంత్రం బస్సెక్కితే రాత్రి భోజనానికి ఇంట్లో ఉండేవాడు. వాళ్ల పాప నాన్నను 'అబ్బా' అనకుండా 'బస్సు' అని పిలుస్తుందని చెప్పి నవ్వేవాడు. సందేశాలు ఇలాగే పోతుంటే కడప స్టేషను ఎత్తేస్తామని పై ఆఫీసు అంటోంది. ఎత్తేస్తే అతను మళ్లీ ఇల్లు వదలాలి.

రోజూ పొద్దున ఫోన్ చేసేవాడు.

"ఏమన్నా, నిన్న ఎన్ని పోయినాయి?"

"ఆరు."

"యాడ?"

"బనగానపల్లె మీద."

"మళ్లా ఆడేనా? నీ సందేశాలు మామిడిపండ్లకు దిగుతాండాయేమో, తోటలోల్లను అడుగుదాం పా."

"ముందు నీ కేబుల్ సూసుకోప్పా."

"నా కేబుల్ బ్రహ్మాండంగా ఉండాది. దొరికినాను కదా అని అన్నీ నా మిందనే ఏస్తాండావు."

కేబుళ్లు ఇద్దరమూ మార్చాం. ఏమీ మారలేదు. పోయిన చోట్లను పటం మీద గుర్తు పెట్టుకుంటూ పోగా, అన్నీ మా రెండు స్టేషన్ల నడిమి ఆకాశంలోనే ఉన్నాయి. పంపే ముందు ప్రతి స్టేషనూ గాలి ఖాళీగా ఉందో, అదే ఫ్రీక్వెన్సీలో ఇంకెవరైనా పంపుతున్నారో వింటుంది. కానీ మా మధ్య దూరం, కొండలు. మేము పంపేది కడపకు వినిపించదు, కడపది మాకు వినిపించదు. అందుకని అప్పుడప్పుడూ ఇద్దరమూ ఒకేసారి మొదలుపెడుతున్నాం. అంత ఎత్తున ఉన్న విమానానికి మాత్రం ఇద్దరమూ వినిపిస్తాం. రెండూ కలిసిపోయి దానికి ఏదీ తెలియడం లేదు.

నా అనుమానం నిజమో కాదో తేలాలంటే ఒక రోజు ఒక స్టేషను ఆపి చూడాలి, మరో రోజు రెండోది. అతనికి ఫోన్‌లో చెప్పాను.

"ముందు నాది ఆపుతాలే అన్నా. లెక్క సూసేది నువ్వు గదా, నీ కాడ మిషను నడస్తాండాల."

"ఎల్లుండి నాది ఆపుదాం."

"ఆపుదాంలే."

మరునాడంతా కడప మూగగా ఉంది. విమానాలు ఎప్పటిలాగే పోయాయి. సాయంత్రం అతనే చేశాడు.

"ఎన్ని పోయినాయన్నా?"

"ఒగటీ పోలే."

"శానా బాగుండాది," అన్నాడు. వెనక బస్సు హారన్ వినిపించింది. "అయితే ఇంగ పోయేది నేనొక్కన్నే."

బస్సెక్కుతున్నానని ఫోన్ పెట్టేశాడు.

ఆ రాత్రే ఫలితం పై ఆఫీసుకు పంపాను. కర్నూలును ఆపి కూడా చూడాలని కింద రాశాను. వాళ్లు అంత కింది దాకా చదవలేదు. ఒక స్టేషనుతో జరిగే పనికి రెండెందుకు అన్నారు. కడపను మళ్లీ ఆన్ చేయనివ్వలేదు. నెల తిరక్కుండా అతన్ని ఈశాన్యంలో ఏదో కొండ మీదికి వేశారు. అక్కడి నుంచి కొన్నాళ్లు ఫోన్ చేశాడు. పాపకు 'అబ్బా' అనడం వచ్చిందని చెప్పాడు. తర్వాత ఆ నంబరు వేరెవరికో పోయింది.

ఆ తర్వాత ఏళ్ల తరబడి ఒక్క సందేశమూ పోలేదు. పొద్దున ఆ వేళకు ఫోన్ మోగితే, ఎన్ని పోయినాయని అడుగుతాడేమోనని చెయ్యి తుడుచుకుని పరుగెత్తేవాణ్ణి. అడిగినా చెప్పడానికి నా దగ్గర అంకె ఉండేది కాదు.

కర్నూలును ఆపి కడపను నడిపి ఉన్నా సున్నాయే వచ్చేదని నా నమ్మకం. కానీ చేసి చూడనిదాన్ని లెక్కలో వేయలేను. చేయాల్సిన పరీక్షలు రెండు. చేసింది ఒకటి. బాకీ ఒకటి.